ఎవరి పొలంలో దిగుతుంది?

1997 మార్చి. మా ఇల్లు అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర చైతన్యపురిలో ఉండేది. ఎండలు ముదరకముందే పక్కబట్టలతో డాబా ఎక్కేసేవాళ్ళం. ఒకరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఆకాశం ఇంకా చీకటిగానే ఉంది. దాదాపు నడినెత్తిన తెల్లగా ఏదో వెలుగుతోంది. నక్షత్రంలా మిణుకుమిణుకుమనట్లేదు. సగ్గుబియ్యం గింజలా గుండ్రంగా ఉంది, అంతే కదలకుండా ఉంది.

నాన్నని లేపాను. ఆయన ఒక కన్ను తెరిచి చూసి, "వేగుచుక్కరా, పడుకో" అన్నారు. నేను పడుకోలేదు. తెల్లగా తెల్లారేదాకా అలాగే చూశాను. అది చాలా నెమ్మదిగా పడమటికి జరిగి, ఎండలో కలిసిపోయింది. బడిలో చెప్తే సైన్స్ సార్ నవ్వారు, సార్ నవ్వాక క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది పొడుగునా నా పేరు ఫ్లయింగ్ సాసర్.

తర్వాత నేను కూడా నవ్వడం నేర్చుకున్నాను. ఇంజనీరింగ్, ఉద్యోగం, ఎల్బీ నగర్‌లో ఫ్లాట్, మియాపూర్ వైపు మెట్రో. ఆ తెల్ల గింజ సంగతి ఎవరికీ చెప్పలేదు.

2022 డిసెంబర్ 7న నాన్న ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పంపారు. వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలో వింత వాహనం ఒకటి దిగిందట. పెద్ద గోళంలాంటి క్యాబిన్, పక్కన పరచుకుపోయిన పారాచూట్, చుట్టూ జనం, సెల్ఫీలు. గ్రహాంతరవాసులదని కొందరు, శత్రుదేశానిదని కొందరు. సాయంత్రానికి సంగతి తేలింది. హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ, ముందు ముందు టూరిస్టులని బెలూన్‌లో ఆకాశం అంచుదాకా తీసుకెళ్ళాలని, మనుషుల్లేని క్యాబిన్‌ని 37 కిలోమీటర్ల ఎత్తుకి పంపి పరీక్షించింది. ఎక్కడి నుంచి? హైదరాబాద్ నుంచి. ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి, అంటే టీఐఎఫ్ఆర్ వారి, బెలూన్ కేంద్రం నుంచి.

మ్యాప్ తీసి చూశాను. ఎల్బీ నగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా పోతే గంట లోపు ప్రయాణం. పాత చైతన్యపురి ఇంటి నుంచి కూడా అంతే.

*

బెలూన్ రైడ్ అంటే మనకి కప్పడోసియా గుర్తొస్తుంది, లేకపోతే జైపూర్. ఇన్‌స్టాగ్రామ్ అలా నేర్పింది. నేనూ ఈ హాబీ ఎలా మొదలుపెట్టాలో వెతుకుతూ చాలా రాత్రులు పాడు చేసుకున్నాను. ఆ వెతుకులాటలో దొరికిన చరిత్ర మాత్రం నన్ను తిరిగి మా డాబా మీదకే తెచ్చి వదిలింది.

బెలూన్ చరిత్రని సాధారణంగా పైకెళ్ళిన వాళ్ళ చరిత్రగా చెప్తారు. 1783 జూన్ 4న ఫ్రాన్స్‌లోని అనొనేలో మోంగోల్ఫియే సోదరులు వేడిగాలి బెలూన్‌ని జనం ముందు ఎగరేశారు. సెప్టెంబర్ 19న వెర్సాయ్‌లో రాజుగారి ముందు ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు ఎక్కాయి. నవంబర్ 21న పిలాత్ర్ ద రోజియే, మార్కీ దార్లాంద్ అనే ఇద్దరు పారిస్ మీదుగా తేలారు. ఆరు నెలల్లో మనిషి నేల వదిలాడు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆగస్టు 27. ఆ రోజు షార్ల్ అనే భౌతికశాస్త్రవేత్త పారిస్‌లో హైడ్రోజన్ నింపిన బెలూన్‌ని వదిలాడు. మనుషులెవరూ లేరు. అది ముప్పావుగంట ఎగిరి గొనెస్ అనే పల్లెలో దిగింది. పొలాల్లోని వాళ్ళకి ఆకాశం నుంచి ఏదో ఊగుతూ, బుసకొడుతూ వచ్చి పడింది. వాళ్ళు దాన్ని కత్తులతో, పంగల కర్రలతో పొడిచి చంపారు. తర్వాత ప్రభుత్వం ఒక ప్రకటన వేయాల్సొచ్చింది: ఆకాశంలో నల్లబడ్డ చందమామలాంటిది కనిపిస్తే భయపడకండి, అది గుడ్డతో చేసిన యంత్రం, హాని చెయ్యదు అని.

ఈ ప్రకటనని ఒక సాహిత్య ప్రక్రియ అనొచ్చేమో. పైన ఉన్నవాడు కింద ఉన్నవాడికి రాసుకున్న ఉత్తరం అది. విచిత్రం ఏంటంటే ఇది 1783తో ఆగిపోలేదు. మన హైదరాబాద్‌లో ఇప్పటికీ ఎగిరే సీజన్ వచ్చినప్పుడు టీఐఎఫ్ఆర్ దాదాపు ఇలాంటి ప్రకటనే ఇస్తుంది. పల్చటి పాలిథీన్ బెలూన్లు, 50 నుంచి 85 మీటర్ల వ్యాసం, లోపల హైడ్రోజన్. అంటే షార్ల్ వాడిన వాయువే. రాత్రిపూటో తెల్లవారుజామునో వదులుతారు, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్తాయి. రంగురంగుల పారాచూట్‌తో పరికరాలు విశాఖపట్నం, హైదరాబాద్, షోలాపూర్ గీత మీద ఎక్కడైనా దిగొచ్చు. దొరికినవాళ్ళు ముట్టుకోకుండా పోలీసులకి చెప్పాలి, తగిన బహుమతి ఇస్తారు. గొనెస్ రైతుకి చెప్పింది ఒక్కటే, భయపడకు అని. మన రైతుకి ఇంకో మాట కలిపారు, కాపాడు అని.

*

అసలు హైదరాబాదే ఎందుకు? దీనికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త తనే హైడ్రోజన్ బెలూన్ ఎక్కి 5,300 మీటర్ల ఎత్తుకి పోయాడు. నేల నుంచి వస్తుందనుకున్న రేడియేషన్ పైకి పోతే తగ్గాలి కదా, పెరిగింది. అది పైనుంచే వస్తోందని తేలింది. వాటినే ఇప్పుడు కాస్మిక్ కిరణాలంటున్నాం. 1936లో ఆయనకి నోబెల్ వచ్చింది. బుట్టలో వణుకుతూ రీడింగులు రాసుకున్న మనిషికి నోబెల్ రావడం నాకు భలే నచ్చింది.

ఈ కిరణాలకి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి భూమి అయస్కాంత క్షేత్రం వాటిని వంచుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఆ క్షేత్రం గట్టి కాపలా. బాగా శక్తి ఉన్న కణాలే లోపలికి రాగలవు. అందుకే 1939–40 శీతాకాలంలో అమెరికా నుంచి రాబర్ట్ మిలికన్ బృందం మన దేశానికి వచ్చి ఆగ్రా, పెషావర్, బెంగళూరుల నుంచి బెలూన్లు వదిలింది. యుద్ధం వల్ల కేంబ్రిడ్జికి తిరిగి వెళ్ళలేక అప్పట్లో బెంగళూరులో చిక్కుబడిపోయిన హోమీ భాభాకి ఈ పరిశోధనే దారి చూపింది. 1945లో టీఐఎఫ్ఆర్ మొదలైంది. మొదట రబ్బరు బెలూన్లని గుత్తులుగా కట్టి వదిలేవారు. 1950ల్లో పాలిథీన్ బెలూన్లు సొంతంగా తయారుచేసుకోవడం మొదలైంది.

అయస్కాంత కాపలా ఉన్నచోట పనికిరాని కణాల గోల తక్కువ. ఎక్స్-రే, గామా కిరణాల ఖగోళశాస్త్రానికి ఇది వరం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో గుసగుస వినిపించినట్టు. పైగా హైదరాబాద్ దక్కన్ మధ్యలో ఉంది. తూర్పున పోయినా పడమరన పోయినా సముద్రం చాలా దూరం. బెలూన్ ఎటు కొట్టుకుపోయినా పరికరాలు నీళ్ళలో కాదు, జొన్నచేలోనో పత్తిచేలోనో దిగుతాయి.

ఇంకో కారణం మనుషులు. ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపిన అయ్యగారి సాంబశివరావు గారు, మనం కాలనీ పేరుగా మాత్రమే గుర్తుపెట్టుకున్న ఆ ఏ.ఎస్. రావు గారు, 1967లో ఈసీఐఎల్‌ని హైదరాబాద్‌లో నిలబెట్టారు. 1969లో బెలూన్ కేంద్రం దానికి దగ్గర్లోనే స్థిరపడింది. భాభా అప్పటికే లేరు. 1966 జనవరిలో ఆల్ప్స్ పర్వతాల్లో విమాన ప్రమాదంలో పోయారు.

వరం అన్నాను గానీ, ఇక్కడో శాపం కూడా ఉంది. ఎత్తుకి పోతే చలి పెరుగుతుందని మనకి తెలుసు. ఉష్ణమండలంలో 16, 17 కిలోమీటర్ల దగ్గర ఆ చలి యూరప్, అమెరికాల మీద కంటే ఎక్కువ. మైనస్ 80 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా కిందకి. చల్లటి దేశాల్లో నిక్షేపంగా ఎగిరిన ప్లాస్టిక్ మన ఎండదేశం మీద పెళుసెక్కి పగిలిపోయేది. ఆ చలికి ఆగే ఫిల్మ్‌ని, దాన్ని అతికే పద్ధతిని ఇక్కడివాళ్ళు తేల్చుకోవాల్సొచ్చింది. కూరగాయల కవరంత పల్చటి షీటు, ముక్కలు ముక్కలుగా కోసి, పొడుగాటి బల్లల మీద వేడితో అతికించాలి. ఒక్క అతుకులో లోపం ఉంటే నెలల శ్రమ నేలపాలు. ప్రొడక్షన్‌లో ఒక్క లైన్ తప్పు రాసి రాత్రంతా కూర్చున్న నాలాంటివాడికి ఆ భయం అర్థమవుతుంది. తేడా ఏంటంటే నాకు రోల్‌బ్యాక్ ఉంది.

ఇలా వందల బెలూన్లు ఎగిరాయి. వాటితోపాటు మీటరు అద్దం ఉన్న ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపులు పైకెళ్ళి నక్షత్రాలు పుట్టే ధూళిమేఘాలని చూశాయి. 2005 ఏప్రిల్ 20న 2.67 కోట్ల ఘనపుటడుగుల బెలూన్ ఒకటి 459 కిలోల పరికరాలతో లేచింది. అది పూర్తిగా ఉబ్బితే రెండు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఉంటుంది. అందులో ద్రవ నియాన్‌లో ముంచిన 16 స్టీలు గొట్టాలు. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చాయి. ఆ గాలిని పరీక్షించిన రెండు చోట్లలో ఒకటి మన హబ్సిగూడలోని సీసీఎంబీ. అతినీలలోహిత కిరణాలని తట్టుకునే మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు మీద జానిబ్యాక్టర్ హాయిలీ, ఇంకోదానికి ఇస్రో పేరు మీద బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, మూడోదానికి బాసిల్లస్ ఆర్యభట. అవి అంతరిక్షం నుంచి వచ్చాయా, భూమి నుంచే పైకి పోయాయా అన్న గొడవ వేరే. ఈసీఐఎల్ దగ్గర లేచి, ఎక్కడో చేలో దిగి, హబ్సిగూడలో మైక్రోస్కోపు కిందకి చేరడం, అదీ నాకు ముఖ్యం. ఆ దారంతా నేను రోజూ తిరిగే దారే.

అదే 2005 నవంబర్ 26న విజయ్‌పత్ సింఘానియా ముంబైలో వేడిగాలి బెలూన్ ఎక్కి 68,986 అడుగులు, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు పోయి ప్రపంచ రికార్డు కొట్టారు. అది పేపర్లలో మొదటి పేజీ. మనుషుల్లేకుండా దానికి రెట్టింపు ఎత్తుకి పోయిన మన బెలూన్ లోపలి పేజీ.

*

ఇక హాబీ సంగతి. 18వ శతాబ్దపు వేడిగాలి బెలూన్ గడ్డి, ఉన్ని తగలబెట్టి ఎగిరేది, నిప్పంటుకుంటే అంతే. అందుకే షార్ల్ గారి గ్యాసు గెలిచి, వేడిగాలి దాదాపు రెండు వందల ఏళ్ళు మూలపడింది. దాన్ని లేపింది ఎడ్ యోస్ట్ అనే అమెరికన్. 1960 అక్టోబర్ 22న నెబ్రాస్కాలోని బ్రూనింగ్‌లో నైలాన్ గుడ్డ, ప్రొపేన్ బర్నర్‌తో ఆయన ఎగిరాడు. ఆయన అంతకుముందు పనిచేసింది జనరల్ మిల్స్‌లో. బ్రేక్‌ఫాస్ట్ సీరియల్స్ అమ్మే కంపెనీ, పాలిథీన్ బెలూన్లు కూడా చేసేది. అంటే కప్పడోసియా రంగుల బెలూన్, ఈసీఐఎల్ తెల్ల బెలూన్ ఒకే ఇంటి పిల్లలు. ఒకటి షికారుకి పోయింది, ఒకటి చదువుకుంది.

మరి దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు ఎక్కడ మొదలుపెట్టాలి? చట్టం దృష్టిలో బెలూన్ కూడా విమానమే. రిజిస్ట్రేషన్ ఉండాలి, నడిపేవాడికి డీజీసీఏ లైసెన్స్ ఉండాలి. మన నగరం చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్. ఆకాశంలో ఖాళీ లేదు. కింద కరెంటు తీగలు, కేబుల్ వైర్లు.

వాతావరణం లెక్క కూడా వేశాను. నలుగురు పట్టే మామూలు బెలూన్ సుమారు 2,200 ఘనపు మీటర్లు. లోపలి గాలి 100 డిగ్రీలు, బయట 20 డిగ్రీలు ఉంటే, హైదరాబాద్ ఎత్తులో అది మొత్తం 530 కిలోల దాకా మోస్తుంది. గుడ్డ, బుట్ట, బర్నర్, నిండు సిలిండర్లు కలిపి 300 కిలోలు దాటతాయి. మిగిలింది మనుషులకి. అదే మే నెల 40 డిగ్రీల ఎండలో మోసేది 370 కిలోలే. ఇద్దరు మనుషుల బరువు ఎండ మింగేసింది. అందుకే అందరూ చలికాలంలో, సూర్యోదయం కాగానే ఎగురుతారు. గాలి చల్లగా ఉంటుంది, నిలకడగా ఉంటుంది. 2017 నవంబర్‌లో అరకులో బెలూన్ పండగ పెట్టిందీ అందుకే.

తెలిసినవాళ్ళు చెప్పే మొదటి పాఠం ఇంకోటి. ఈ హాబీలో ఎవరూ ఎగరడంతో మొదలుపెట్టరు. కింద పనితో మొదలుపెడతారు. గుడ్డ పరవడం, ఫ్యాన్‌తో గాలి నింపేటప్పుడు నోరు తెరిచి పట్టుకోవడం, నెత్తిన కట్టిన తాడుని లాగి బెలూన్ ఊగకుండా ఆపడం, తర్వాత జీపులో వెంటపడటం. బెలూన్‌కి స్టీరింగ్ లేదు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకి వీస్తుంది, పైలట్ చేయగలిగింది పైకీ కిందకీ జరిగి తనకి కావలసిన గాలిని వెతుక్కోవడమే. ఎక్కడ దిగుతుందో కచ్చితంగా ఎవరికీ తెలీదు. ఎవరి చేలో దిగినా ముందు వెళ్ళి ఆ రైతుతో మాట్లాడాల్సింది కింద ఉన్న జట్టే.

ఇది తెలిశాక నాకు కోపం పోయింది. మేం తూర్పు హైదరాబాద్ వాళ్ళం యాభై ఏళ్ళుగా బెలూన్ల కిందే బతుకుతున్నాం. వికారాబాద్ పొలంలో సెల్ఫీ తీసుకున్నవాళ్ళు గొనెస్ వాళ్ళలా పొడవలేదు. వింతగా చూశారు, పోలీసులకి చెప్పారు. ఊరంతా నవ్వింది వాళ్ళ గ్రహాంతరవాసుల మాటకి. నేను నవ్వలేకపోయాను. కళ్ళెదుట కనిపించినదాన్ని కనిపించిందని చెప్పడమే వాళ్ళు చేసిన తప్పు. పక్కనే ఉన్న శాస్త్రాన్ని వాళ్ళకి ముందే పరిచయం చెయ్యకపోవడం మన తప్పు.

*

ఇప్పుడు నా హాబీ ఏంటో చెప్తాను. బేగంపేటలో వాతావరణ శాఖ వాళ్ళు రోజూ పొద్దున 5:30 గంటల పరిశీలనకి చిన్న బెలూన్‌కి రేడియోసాండ్ కట్టి వదులుతారు. ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో ఆ అంకెలు నెట్‌లో అందరికీ దొరుకుతాయి. నేను చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. సరూర్‌నగర్ గ్రౌండ్ నుంచి పొద్దున్నే ఒక వేడిగాలి బెలూన్ లేచిందనుకుంటే, గంటలో ఎక్కడ దిగుతుందో అది మ్యాప్ మీద గీత గీస్తుంది. లైసెన్స్ అక్కర్లేదు, ప్రొపేన్ అక్కర్లేదు. డిసెంబర్‌లో తూర్పు గాలికి నా బెలూన్ చార్మినార్ వైపు పోతుంది. జూన్‌లో రుతుపవనాల గాలికి హయత్‌నగర్ దాటి చౌటుప్పల్ దిక్కుకి పోతుంది. నేల మీద గాలి గంటకి 15 కిలోమీటర్లు దాటిందా, ఆ రోజు సెలవు.

ఆ పాత లెక్క కూడా వేశాను. 35 కిలోమీటర్ల ఎత్తులో సూర్యుడు మనకంటే దాదాపు 25 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. కింద చీకటిగా ఉండగానే బెలూన్ ఎండలో మెరుస్తుంది. 70 మీటర్ల బెలూన్ అంత ఎత్తున, నడినెత్తిన ఉంటే చందమామలో నాలుగో వంతో ఐదో వంతో వెడల్పు కనిపిస్తుంది. శుక్రుడు ఎప్పుడూ అంత పెద్దగా కనిపించడు. అన్నిటికీ మించి, తెల్లవారుజామున వేగుచుక్క నడినెత్తికి చేరదు. ఎంత ఎక్కినా సగం ఆకాశం దాటదు.

కాగితం తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. "అయితే ఆ రోజు నేను సరిగా లేచి చూడాల్సింది" అన్నారు. ఇరవై ఐదేళ్ళ తర్వాత ఆ మాట ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు. నేనేం మాట్లాడలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున టీ తాగుతూ ఆయనే అడుగుతున్నారు, ఈరోజు మన బెలూన్ ఎటు పోతోందని. నిన్న గీత అబ్దుల్లాపూర్‌మెట్ అవతల వరిపొలాల్లో ఆగింది. ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "పంట మీద ఉందిరా. ఎవరిదో కనుక్కుని, దిగేముందు ఒక మాట చెప్పు" అన్నారు.